గేరుపెట్టె పద్యద్వయం: టీకా తాత్పర్య సహితం

మూలం

పాత బండి కింద పడుకొని చూడుమా
మూడు మెట్ల పెట్టె ముసలిదాయె
నాల్గు మెట్ల దాని నడుముకు తగిలింప
పరుగు సాగు, రొదయు పలుచనగును

అవతారిక

ఈ పద్యం 1972 నాటి షెవర్లే సి10 పికప్ ట్రక్కును ఉద్దేశించి చెప్పినది. కవి పేరు తెలియరాలేదు. టెక్సస్‌లో స్థిరపడిన తెలుగువాడనీ, ఐదు రోజులు సాఫ్ట్‌వేరూ రెండు రోజులు గ్రీజూ ఆయన వృత్తులనీ ప్రతీతి. ట్రక్కు అనగానే ఇసుక లారీని ఊహించుకునే బాలుర కోసం ఒక మాట. అమెరికాలో ఈ జాతి వాహనానికి ముందు ఒక పొడుగాటి సీటు, వెనక ఒక తొట్టి, మధ్యలో యజమాని అభిమానం ఉంటాయి.

సందర్భమేమనగా: 1972లో అమెరికాలో పెట్రోలు చవక. ఆనాటి ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు మూడు మెట్లు చాలు అనుకున్నారు. మరుసటి ఏడు అరబ్బు దేశాలు చమురు బిగబట్టాయి. 1974 మొదట్లోనే దేశమంతటా గంటకు 55 మైళ్లు దాటరాదని చట్టం వచ్చింది. చమురు పొదుపు చేయక తప్పని పరిస్థితిలో జనరల్ మోటార్స్ వారు 1982 మోడల్ బండ్లకు 700ఆర్4 అనే నాలుగు మెట్ల పెట్టెను దించారు. 1995లో ఆ వేగ పరిమితిని కేంద్రం ఎత్తేసింది. రోడ్ల మీద జనం 70కీ 75కీ పోయారు. పాత సి10 మాత్రం వాళ్ల వెనకే మూడో మెట్టు మీద రొప్పుతూ మిగిలింది. పద్యం పుట్టింది ఆ రొప్పులోంచి.

ప్రతిపదార్థం

పాత బండి కింద = సదరు సి10 అడుగున; పడుకొని = వెల్లకిలా, అట్టముక్క పరచుకొని; చూడుమా = చూడవయ్యా; మూడు మెట్ల పెట్టె = టర్బో హైడ్రామాటిక్ 350 అనబడునది; ముసలిదాయె = కాలం చెల్లినదాయెను; నాల్గు మెట్ల దాని = 700ఆర్4ను; నడుముకు = ఇంజను వెనక భాగానికి; తగిలింప = బోల్టులతో బిగించినచో; పరుగు సాగు = ప్రయాణం సుఖంగా సాగును; రొదయు = చప్పుడు కూడా; పలుచనగును = తగ్గును.

తాత్పర్యం

పాత ట్రక్కులో మూడు గేర్ల పెట్టె తీసి నాలుగు గేర్లది పెట్టుకుంటే హైవే మీద హాయిగా పోవచ్చును.

విశేషాలు

'చూడుమా' అన్నాడు గానీ ఏమి చూడాలో కవి చెప్పలేదు. చూడవలసింది నూనె పళ్లెం బోల్టులు. యాభై ఏళ్లలో ఎన్ని చేతులు మారిందో తెలియని బండికి అసలు పెట్టే ఉందన్న హామీ లేదు. పళ్లెం ఇంచుమించు చదరంగా ఉండి, ఒక మూల కోసినట్టుండి, 13 బోల్టులుంటే అది 350. 16 బోల్టులు కనబడితే పూర్వ యజమాని ఎవరో ఇప్పటికే నాలుగు మెట్ల పెట్టె వేసేశాడని అర్థం. అప్పుడు పద్యంతో పని లేదు, లేచి చేతులు కడుక్కోవచ్చు.

'ముసలిదాయె' అనడం అన్యాయం. 1969 నుంచి వచ్చిన ఈ 350 మహా గట్టి పెట్టె. దాని దోషం వయసు కాదు, అంకెలు. మొదటి మెట్టు 2.52, రెండోది 1.52, మూడోది 1.00. మూడో మెట్టులో ఇంజను ఒక చుట్టు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్టూ ఒకే చుట్టు. పైన మరో మెట్టు లేదు. 700ఆర్4కు 3.06, 1.63, 1.00, ఆ పైన 0.70. వెనక యాక్సిల్ 3.73, టైరు 28 అంగుళాలు అనుకుందాం. గంటకు 70 మైళ్ల దగ్గర పాత పెట్టెతో ఇంజను నిమిషానికి దాదాపు 3,130 చుట్లు తిరుగుతుంది. కొత్తదానితో 2,190. 'రొదయు పలుచనగును' అన్నదానికి ఇదే ప్రమాణం. 'యు'కారం సముచ్చయార్థకం కాబట్టి పెట్రోలు ఖర్చు కూడా పలుచనగునని అధ్యాహారం చేసుకోవాలని కొందరంటారు. నిజమే, తగ్గుతుంది. ఆ మిగులుతో పెట్టె ఖరీదు రాబట్టాలంటే మాత్రం కవి మనుమలు కూడా అదే బండి తోలాలి.

ఇక్కడ పూర్వపక్షం. వెనక యాక్సిల్‌నే మార్చి 2.73 వేసుకుంటే ఇదే ఫలం రాదా, ఇంత శ్రమ ఎందుకు అని. రాదు. హైవే మీద నెమ్మదిస్తుంది, ఒప్పుకుంటాం. కానీ 2.52ను 2.73తో గుణిస్తే 6.88. ఇదివరకు అదే మెట్టులో 9.40 ఉండేది. తొట్టిలో కంకర వేసుకుని ఎత్తు మీద ఆగి కదలబోతే బండి మూలుగుతుంది. కొత్త పెట్టెతో, 3.73 యాక్సిల్‌ను అలాగే ఉంచితే, మొదటి మెట్టుకు 11.41 వస్తుంది, నాలుగో మెట్టుకు 2.61. బయలుదేరేటప్పుడు బలం, పరుగులో నెమ్మది, రెండూ ఒక్క పెట్టెలోంచే. కావున పూర్వపక్షం నిలవదు.

'నాల్గు', 'నడుముకు' అని యతి చక్కగా కుదిరింది. బోల్టులు కూడా కుదురుతాయి, ఎందుకంటే షెవర్లే వారి స్మాల్ బ్లాక్ ఇంజను వెనక రంధ్రాల వరస రెండు పెట్టెలకూ ఒకటే. ప్రొపెల్లర్ షాఫ్టు ముందు కొస కూడా, 27 పళ్లది, రెంటికీ సరిపోతుంది. కుదరనివి ఇతరత్రా ఉన్నాయి. పెట్టెను మోసే క్రాస్‌మెంబరును ఒకటి రెండు అంగుళాలు వెనక్కి జరపాలి. పాత పెట్టె తోక పొట్టిదైతే షాఫ్టును కోయించి, మళ్లీ బ్యాలన్స్ చేయించాలి. దీన్ని కొలిచి చేయాలి గానీ పక్కవాడి అంకె అరువు తెచ్చుకోకూడదు.

'తగిలింప' అనే క్రియ దగ్గర వ్యాఖ్యాతలందరూ ఆగుతారు, ఆగాలి. నూనె లేకుండానే దాదాపు 70 కిలోలుండే పెట్టెను జాకీ మీద ఎత్తే ముందు టార్క్ కన్వర్టర్‌ను దాని మూతిలో పూర్తిగా కూర్చోబెట్టాలి. రెండు చేతులా పట్టుకుని తిప్పుతూ లోపలికి నెట్టాలి. టక్కుమని ఒక మెట్టు దిగుతుంది. అక్కడ తృప్తి పడేవాడు మూర్ఖుడు. ఇంకా తిప్పాలి, మళ్లీ టక్కు. మూడోసారి కన్వర్టర్ మెడ మీది గాడులు లోపలి పంపు పళ్లను పట్టుకున్నప్పుడే అది తన స్థానానికి చేరినట్టు. తరువాత పెట్టెను ఇంజనుకు చేర్చి బోల్టులు వేసేటప్పుడు రెండు ముఖాలూ చేతితోనే కలవాలి. కలవలేదని పానాతో లాగి బిగించేవాడు ఆ క్షణంలోనే పంపును పగలగొడతాడు, పగిలిన సంగతి ఇంజను స్టార్టు చేశాక తెలుసుకుంటాడు. సరిగ్గా కూర్చుంటే ఇంజను వైపు పళ్లచక్రానికీ కన్వర్టర్‌కూ మధ్య మూడు మిల్లీమీటర్ల సందు మిగులుతుంది, కన్వర్టర్ వేలితో తిప్పితే తిరుగుతుంది. ఇంత శాస్త్రాన్ని 'తగిలింప' అని ఒక్క మాటలో దాటేశాడు కవి. సంక్షేపమా, అనుభవలేమా అన్నది రెండో పద్యంలో తేలుతుంది.

మూలం

తీగ కొంచెమైన తీరు తప్పినదేని
కెంపు వంటి నూనె కీలు వోలె
మాడి నల్లబడును మైళ్లు వందకు ముందె
పెట్టె విప్పవలయు పిదప మరల

ప్రతిపదార్థం

తీగ = యాక్సిలరేటర్ కదలికను పెట్టెకు చేర్చే ఉక్కు కేబుల్; కొంచెమైన = రవ్వంతైనా; తీరు తప్పినదేని = సర్దుబాటు చెడినట్లయితే; కెంపు వంటి నూనె = ఎర్రని డెక్స్‌రాన్; కీలు వోలె = తారులాగా; తక్కినది స్పష్టం.

తాత్పర్యం

కేబుల్ సరిగా అమర్చకపోతే కొత్త పెట్టె కాలిపోతుంది. మళ్లీ మొదటి పద్యం నుంచి మొదలుపెట్టాలి.

విశేషాలు

అసలు గ్రంథమంతా ఈ పద్యంలోనే ఉంది. మొదటిది ఇనుము గురించి, ఇది కబురు గురించి. ఆటోమేటిక్ పెట్టె లోపల క్లచ్ పలకలను నూనె ఒత్తిడే పట్టి ఉంచుతుంది. డ్రైవరు ఎంత గట్టిగా తొక్కుతున్నాడో తెలిస్తేనే ఎంత ఒత్తిడితో పట్టాలో పెట్టెకు తెలుస్తుంది. కాలి కబురు పెట్టెకు ఏ దారిన పోతుంది అన్నదే ప్రశ్న.

పాత 350కి రెండు దారులు. ఇంజను పీల్పును ఒక సన్నని గొట్టం ద్వారా అందుకునే డబ్బా ఒకటి పెట్టె వెనక భాగాన ఉంటుంది. తొక్కితే పీల్పు పడిపోతుంది, డబ్బా గ్రహించి ఒత్తిడి పెంచుతుంది. దీనికి తోడు కార్బురేటర్ నుంచి ఒక కేబుల్ కూడా ఉంటుంది. దాని పని ఒక్కటే. పూర్తిగా అదిమి తొక్కినప్పుడు ఒక గేరు కిందికి దించడం. ఆ కేబుల్ తెగి వేలాడినా బండి నడుస్తుంది, ఓవర్‌టేక్ చేసేటప్పుడు కాస్త బద్ధకిస్తుంది, అంతే.

700ఆర్4లో డబ్బా లేదు. కేబుల్ మాత్రమే ఉంది. చూపుకు అదే కేబుల్, అదే చోటు, అదే కొక్కెం. కానీ ఒత్తిడి ఎంత ఉండాలి, గేరు ఎప్పుడు ఎక్కాలి, ఎప్పుడు దిగాలి అన్నీ దాని చేతిలోనే. పాత కేబుల్‌ను 'కిక్‌డౌన్ కేబుల్' అని పిలిచి పిలిచి అలవాటైన మెకానిక్ దీన్నీ అలాగే అనుకుని వదులుగా తగిలించి వదిలేస్తాడు. అప్పుడు ఎంత తొక్కినా పెట్టెకు అందే కబురు ఒకటే, 'అయ్యవారు ఊరికే షికారు పోతున్నారు' అని. ఒత్తిడి పెరగదు. గేర్లు వెన్నలా, తొందర తొందరగా ఎక్కుతాయి. యజమాని మురిసిపోతాడు. లోపల క్లచ్ పలకలు పట్టు చాలక జారుతూ కాలుతుంటాయి. మూడు నాలుగు మెట్లకు పని చేసే పలకలు ముందు పోతాయి. కొలబద్ద తీసి వాసన చూసిన రోజున కవి చెప్పిన కీలు కనబడుతుంది. 'మైళ్లు వందకు ముందె' అతిశయోక్తి అలంకారమని లాక్షణికులు రాసుకున్నారు. పెట్టెలు బాగుచేసేవాళ్లు స్వభావోక్తి అంటారు.

కేబుల్ సర్దే విధానం చిన్నదే. కార్బురేటర్ దగ్గరి కొసలో ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కి పట్టి లోపలి జారుడు ముక్కను వెనక్కి, కార్బురేటర్‌కు దూరంగా, చివరిదాకా తొయ్యాలి. మీట వదిలి, కార్బురేటర్ చేతిని నిండా తెరిస్తే కేబుల్ టిక్కుటిక్కుమంటూ తన పొడవు తానే చూసుకుంటుంది. ఐతే ఈ లెక్క ఆ పెట్టెతో కలిసి పుట్టిన కార్బురేటర్ చేతి కొలతను బట్టి కట్టింది. పాత ట్రక్కు మీద ఎవరో హోలీ కార్బురేటర్ వేసి ఉంటే దాని చేతి వ్యాసార్ధం వేరు. కొసలు రెండూ సరిగ్గా ఉన్నా నడిమి దూరం తప్పుతుంది. దానికి సవరణ బ్రాకెట్ విడిగా దొరుకుతుంది. అది వేసి, ఒత్తిడి గేజి తగిలించి అంకె చూసుకున్నాకే రోడ్డెక్కాలి. గేజి కొనడం దండగని వాదించేవారితో వాదం పెట్టుకోరాదు.

పాఠాంతరం. 'తీగ కొంచెమైన' అనే చోట 'తీగె లొకటియైన' అని నవ్యులు చదువుతారు. ఛందస్సు చెడదు. వారి దృష్టిలో పద్యం 700ఆర్4ది కాదు, దాని వారసుడైన 4ఎల్60ఇది. ఈ నామం సూత్రప్రాయం. 4 అనగా ముందుకు పోయే మెట్లు, ఎల్ అనగా నిడివిగా అమర్చేది, 60 అనగా బలం తెలిపే వర్గాంకం, ఇ అనగా ఎలక్ట్రానిక్. 700ఆర్4కే 1990లో 4ఎల్60 అని పేరు మార్చి, 1993లో చివర 'ఇ' చేర్చారు. అందులో కేబుల్ పోయి విద్యుత్ తీగెలు వచ్చాయి. సోలెనాయిడ్లు గేర్లు మారుస్తాయి, కంప్యూటర్ ఒత్తిడి చెబుతుంది. 1972 ట్రక్కులో కంప్యూటర్ లేదు గనుక దాన్ని విడిగా కొని తెచ్చి, కార్బురేటర్‌కు ఒక సెన్సారు తగిలించి, కబురు మార్గం వెయ్యాలి.

ఈ పాఠం రమ్యమే గానీ గ్రాహ్యం కాదు. హేతువు: 4ఎల్60ఇకి కరెంటు పూర్తిగా పోతే గేర్లు మార్చే రెండు సోలెనాయిడ్లూ ఆగిపోయి పెట్టె మూడో మెట్టులో నిలుస్తుంది, నూనె ఒత్తిడి గరిష్ఠానికి పోతుంది. బండి ఈడ్చుకుంటూ ఇల్లు చేరుతుంది, క్లచ్‌లు జారవు. అలాంటప్పుడు 'మాడి నల్లబడును' అనే మూడో పాదానికి గతి ఏమిటి? కావున ఏకవచనమే సాధువు, కవి ఉద్దేశించినది కేబులే. పాఠం తోసిపుచ్చినంత మాత్రాన పెట్టెను తోసిపుచ్చినట్టు కాదు. జేబు సహకరిస్తే 'ఇ'కారాంతమే మేలని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం. దాని తప్పులు లాప్‌టాప్‌లో దిద్దుకోవచ్చు, కేబుల్ తప్పులు పలకలతో చెల్లించాలి.

మొదటి పద్యంలోని 'పరుగు సాగు' దగ్గర చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. నాలుగో మెట్టులో కన్వర్టర్ లోపలి క్లచ్ పట్టుకుంటేనే నూనె చల్లగా ఉంటుంది. ఆ క్లచ్‌కు 12 వోల్టుల తీగ ఒకటి కావాలి. దాన్ని నాలుగో మెట్టులో మాత్రమే పలికే ప్రెషర్ స్విచ్చి గుండా, బ్రేకు తొక్కగానే తెగేలా వేయాలి. ఆ తీగ వెయ్యకుండా తిరిగేవాడు రేడియేటర్ ముందు విడిగా ఒక నూనె కూలర్ పెట్టుకున్నా నాలుగో మెట్టు మీద వేడిని పోగుచేస్తూనే ఉంటాడు.

స్పీడోమీటర్ గురించి కవి మౌనం. 700ఆర్4 పాత కేబుల్‌ను ఒప్పుకుంటుంది, లోపలి చిన్న ప్లాస్టిక్ చక్రం పళ్లు యాక్సిల్‌కూ టైరుకూ తగ్గట్టు మార్చుకోవాలి. 4ఎల్60ఇ ఒప్పుకోదు, అది విద్యుత్ సంకేతమే ఇస్తుంది.

స్టీరింగ్ పక్కన ఉండే గేరు గుర్తుల పలక మీదా ఆయన ఒక్క పాదం ఖర్చు చేయలేదు. పాత పలకకు ఆరు గుర్తులు, కొత్త పెట్టెకు ఏడు స్థానాలు. మార్పిడి పలకలు అమ్ముతారు. కవి కొనలేదనీ, 'డి' దగ్గర పెట్టి నాలుగో మెట్టు అనుభవిస్తూ, మొదటి మెట్టు కావలసినప్పుడు లివరును అక్షరం లేని ఖాళీలోకి లాగుతున్నాడనీ, బండి అరువడిగిన స్నేహితులకు మాత్రం దాని సంగతి చెప్పడం లేదనీ సమకాలికుల సాక్ష్యం.