మెట్ల మీద పచ్చ లైటు

నాచారంలో మా అపార్ట్‌మెంటుకు ఇప్పుడు సిగ్నల్ ఫుల్లు. లిఫ్టులోనూ ఐదు గీతలే. ఈ ఘనత మా అసోసియేషన్ సెక్రటరీ గారిది. వాటర్ ట్యాంకు పక్కన ఇనుప పైపు పాతించి, దానికి దూరదర్శన్ కాలం నాటి చేపముల్లు లాంటి యాంటెనా కట్టించి, వైరు కిందికి దించి, మెట్ల గోడకు టిఫిన్ డబ్బా అంత సిగ్నల్ బూస్టర్ పెట్టె బిగించారు. పచ్చ లైటు వెలగ్గానే కొబ్బరికాయ కూడా కొట్టారు.

"దీనికి పర్మిషన్ అక్కర్లేదా సార్?" అన్నాను.

"ఇటు జూడుండ్రి సార్" అంటూ పెట్టె వెనక స్టిక్కర్ మీద వేలు పెట్టారు. "ఎఫ్‌సీసీ ఉన్నది, సీఈ ఉన్నది. ఇంకేం గావాలె?"

ఎఫ్‌సీసీ అమెరికా వాళ్లది, సీఈ యూరప్ వాళ్లది. వాటిని ఇక్కడ చూపించడమంటే అట్లాంటాలో ఉన్న బావమరిది హాల్‌టికెట్ పట్టుకుని హబ్సిగూడలో పరీక్ష రాయబోవడమే. పైగా ఆ ఎఫ్‌సీసీ వాళ్లు కూడా, సొంత వాడకానికైనా సరే, బూస్టర్ పెట్టుకునే ముందు ఫోన్ కంపెనీ దగ్గర నమోదు చేసుకోమంటారు. ఇక మన టెలికాం శాఖయితే 2022 జులైలో తేల్చి చెప్పింది: లైసెన్సున్న టెలికాం కంపెనీలు తప్ప ఇంకెవరూ బూస్టర్ ఉంచుకోకూడదు, అమ్మకూడదు, వాడకూడదు. అదే ఏడాది జనవరిలో, సిగ్నల్ ఆపే జామర్లు అమ్మొద్దని ఆన్‌లైన్ దుకాణాలకు కూడా రాసింది. ఆ సంగతి చెబితే సెక్రటరీ గారు నవ్వారు. "బుక్ జేస్తె రెండు దినాల్ల ఇంటికొచ్చింది సార్. తప్పయితే పంపుతరా?"

ఈ పెట్టె చేసే పని ఫంక్షన్ హాల్లో మైకు చూసిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. స్పీకరుకు దగ్గరగా మైకు పట్టుకుంటే కీచుమంటుంది కదా, పై యాంటెనా, పెట్టె లోపలి యాంటెనా దగ్గరగా ఉన్నా అంతే. తన కేకను తనే విని, మరింత పెంచి మళ్లీ కేకేస్తుంది. మైకు కీచుమంటే పంతులుగారు మంత్రం ఆపి చెవులు మూసుకుంటారు. ఈ కీచు మనిషి చెవికి వినబడదు, టవరుకు వినబడుతుంది. ఎక్కడెక్కడి ఫోన్ల నుంచో వచ్చే సన్నని గొంతులను పట్టుకోవలసిన టవరు ఆ హోరులో ఎవరి మాటా వినలేదు. మా లిఫ్టులో ఐదు గీతలు, వెనక వీధిలో కాల్ కట్టు. కాస్త దూరంలో సర్కారు కంపెనీ ఈసీఐఎల్ ఉంది. సిగ్నల్ ఆపే జామర్లు అక్కడ సర్కారు లెక్కలో తయారవుతాయి. వెనక వీధికి మేం ఆ సేవ ఊరికే చేస్తున్నాం.

అసలు సిగ్నల్ ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. రెండేళ్ల కిందట ఎదురు బిల్డింగు మీద టవరు పెడతామని వస్తే, రేడియేషన్ వద్దని బ్యానర్ కట్టి తరిమింది ఈ అసోసియేషనే. టవర్ల రేడియేషన్‌కు అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే హద్దుగా 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశంలో అమల్లోకి వచ్చింది: 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లు. అనుమానముంటే టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్లో 4,000 రూపాయలు కడితే వచ్చి కొలిచి చెబుతారు. "నాలుగు వేలు బొక్క" అన్నారు కమిటీలో. బ్యానరుకు మాత్రం ఫ్లెక్సీ, రంగులు, అందరి ఫొటోలు. టవరు దూరమయ్యేసరికి ఫోన్లు చెవి పక్కనే గొంతు పెంచి అరవడం మొదలుపెట్టాయి. దానికి బ్యానర్ లేదు.

ఇంట్లో వైఫై రౌటర్ తిప్పి చూస్తే, ఎఫ్‌సీసీ ముద్ర కింద చీమకాళ్ల అక్షరాల్లో రెండు షరతులుంటాయి. ఇది ఎవరికీ హాని చేసే అంతరాయం కలిగించకూడదు. తనకు వచ్చే ఏ అంతరాయాన్నైనా భరించాలి. ఈ రెండోది మా ఉప్పల్ వైపు వాళ్ల కోసమే రాసినట్టుంటుంది. భూమిని పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు 1964లో ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రాన్ని నానోటెస్లాల్లో కొలవడం మొదలుపెట్టారు. మెట్రో రాబోతోందని, రైళ్ల అలజడి ఆ సన్నని కొలతల్లోకి జొరబడుతుందని, వాళ్లు ముందే విజయవాడ దారిలో చౌటుప్పల్‌లో కొత్త అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. మెట్రో స్టేషనుకు మాత్రం ఎన్‌జీఆర్‌ఐ అనే పేరు పెట్టారు. చౌటుప్పల్ పోలేని వాళ్లం మేం, రెండో షరతు కింద బతుకుతున్నాం.

నిన్న వెనక వీధి అపార్ట్‌మెంటు వాళ్లు ముగ్గురు మా టెర్రస్ మీదికి వచ్చారు. గొడవకనుకున్నాను. సెక్రటరీ గారు టీ తెప్పించారు. వాళ్లు టేపు తీసి మా పైపు ఎత్తు కొలుచుకుని, స్టిక్కర్‌ను ఫొటో తీసుకుని, ఏ యాప్‌లో కొన్నారో అడిగి వెళ్లారు. దీనికన్నా పెద్దది దొరుకుతుందట.