పిల్లల మొదటి బైబిలు పదేళ్ళయినా కొత్తగా ఉండాలంటే

మీ పిల్లవాడికి తొమ్మిదేళ్ళో పదేళ్ళో వచ్చాయి. బొమ్మల బైబిలు చిరిగిపోయింది. నోవహు ఓడ ఒకచోట, గొల్యాతు తల ఒకచోట పడున్నాయి. "నాకూ అందరిలా పెద్ద బైబిలు కావాలి" అని పేచీ మొదలైంది. కంగారుపడకండి. మా ఇంట్లో ఇద్దరికి కొన్నాను. పెద్దవాడి బైబిలుకు ఈ క్రిస్మస్‌తో ఏడేళ్ళు నిండుతాయి. ఇప్పటికీ బంగారు అంచుల పేజీలు ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి, తెరిస్తే షాపు వాసన వస్తుంది. అంత భద్రంగా నిలవడం దానంతటదే జరగదు. కొనే రోజు నుంచీ ఒక పద్ధతి పాటించాలి. ఆ పద్ధతి తెలియక ఎన్నో ఇళ్ళలో బైబిళ్ళు రెండేళ్ళకే నలిగి, అట్ట ఊడి, చూడలేని స్థితికి వస్తున్నాయి. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

1. పిల్లవాణ్ణి షాపుకు తీసుకెళ్ళకండి. తీసుకెళ్తే నాలుగు బైబిళ్ళు చేతిలోకి తీసుకుంటాడు, ఒక్కోదాంట్లో అరపేజీ చదువుతాడు, అక్షరం బాగా కనిపించేది, మాట అర్థమయ్యేది ఏరుకుంటాడు. తాను ఏరుకున్న పుస్తకాన్ని పిల్లలు వదలరు. వాడు స్కూల్లో ఉన్న వేళ చూసి మీరొక్కరే వెళ్ళి రండి.

2. చిన్న చేతులకు చిన్న పుస్తకం కొనండి. పాకెట్ సైజు అడగండి. 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు అరచేతిలో పట్టాలంటే అక్షరం ఆవగింజంత, కాగితం ఉల్లిపొరంత ఉండాల్సిందే. వెనక పేజీ అక్షరాలు ముందు పేజీలోకి తొంగిచూస్తుంటాయి. ఒక అధ్యాయం అయ్యేసరికి కళ్ళు లాగి పిల్లవాడు తనంతట తానే మూసేస్తాడు. "ఇక చాల్లే, పడుకో" అని చెప్పే శ్రమ కూడా మీకుండదు. షాపతను పెద్దక్షరాలది చూపిస్తే "అది ముసలివాళ్ళకండీ" అని లోపల పెట్టించేయండి.

3. జిప్పు లేని బైబిలు కొనకండి. బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకంలోకి పిల్లలు అటూ ఇటూ తిరుగుతూనే తల పెడతారు. జిప్పు వేసి ఉంటే ముందు దాన్ని తీయాలి, మళ్ళీ వేయాలి. రెండు పనులూ పిల్లలకు బద్ధకమే. కొన్నాళ్ళకు జిప్పు ఎక్కడో ఒకచోట బిగుసుకుంటుంది. దాన్ని బాగుచేయించకండి.

4. అనువాదం దగ్గర మాత్రం కాస్త బుర్ర పెట్టండి, ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు పప్పులో కాలేస్తున్నారు. ఇప్పుడు తేట తెలుగులో, వాడుక మాటల్లో అనువాదాలు వచ్చాయి. తెలుగు చదవడం వచ్చిన నాలుగో తరగతి పిల్లవాడు ఎవరి సాయమూ లేకుండా చదువుకుపోతాడు. చదివితే ప్రశ్న పుడుతుంది. ప్రశ్న పుడితే మీ దగ్గరికే వస్తాడు, అదీ మీరు సీరియల్ చూస్తున్నప్పుడే వస్తాడు. అందుకని గ్రాంథికంలో ఉన్న పాత అనువాదమే కొని చేతిలో పెట్టి, పక్కకు తప్పుకోండి. ప్రత్యక్షపు గుడారము, దహనబలి, కరుణాపీఠము లాంటి మాటలు పిల్లవాణ్ణి గుమ్మంలోనే ఆపేస్తాయి. ఒక్క జాగ్రత్త. పొరపాటున కూడా పక్కన కూర్చుని పైకి చదివి వినిపించకండి. చెవిన పడితే ఆ గ్రాంథికం కూడా పాటలా పట్టుబడిపోతుంది. మా అమ్మ చదవగా నాకు అలాగే పట్టుబడింది, కాబట్టి అనుభవంతో చెప్తున్నాను.

పిల్లవాడు ఇంగ్లీషు మీడియమా? అయితే 1611 నాటి కింగ్ జేమ్స్ కొనండి. "నాన్నా, దౌ అంటే ఏంటి?" అంటే "పెద్దయ్యాక నీకే తెలుస్తుందిరా" అనండి.

చర్చిలో చదివేది ఒక అనువాదం, ఇంట్లో పెద్దవాళ్ళది ఒకటి, పిల్లవాడిది మూడోది అయితే ఇంకా మేలు. అయ్యగారు చదువుతుంటే వేలు పెట్టి వెంట వెళ్ళలేక బెంచీ మీద నిద్రపోతాడు, మీ ప్రార్థనకు అడ్డం రాడు. కేథలిక్ బైబిల్లో 73 పుస్తకాలు, ప్రొటెస్టెంట్ బైబిల్లో 66. ఏది కొంటున్నారో అడగకండి, బిల్లు త్వరగా తేలిపోతుంది.

5. మొదటి పేజీలో పేరు పెన్సిలుతో రాయండి. అన్న చదవని పుస్తకం చెల్లికి కొత్తదే. పేరు రాస్తూ ఒక ఫొటో, పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టి ఒక ఫొటో తీసి చర్చి గ్రూపులో పెట్టండి. ఏడాదికి సరిపడా మంచిపేరు ఆ పూటే వచ్చేస్తుంది. ఇక ఆ తర్వాత చదివించకపోయినా అడిగేవారుండరు.

6. ఎక్కణ్ణుంచి చదవాలి అంటే, ఆదికాండం మొదటి వచనం నుంచే. ఒక్క అధ్యాయం దాటవేయనివ్వకండి. రోజుకు మూడు, ఆదివారం ఐదు అధ్యాయాలు చదివితే ఏడాదిలో మొత్తం అయిపోతుందని పెద్దలు చెప్తుంటారు. అది నిజంగా అయిపోయే లెక్క, దాని జోలికి పోవద్దు. మీరు వేసవి సెలవులు పెట్టుకోండి. రోజుకు నలభై అధ్యాయాలు, ముప్పై రోజుల్లో సమాప్తం. రంగు పెన్నులతో చార్టు గీసి గోడకు అతికించండి. రెండో రోజుకే నిర్గమకాండం 25 వస్తుంది. మందసం ఎన్ని మూరలు, బల్ల ఎన్ని మూరలు, తెరలెన్ని, కొలుకులెన్ని. పిల్లవాడు అక్కడ నీరసపడి రిబ్బన్ పెడతాడు. మా పెద్దవాడి రిబ్బన్ నిర్గమకాండం 26లో ఏడేళ్ళుగా కదలకుండా ఉంది. ఒకవేళ గట్టిపిండమై దాటినా ముందు లేవీయకాండం 27 అధ్యాయాలూ ఉన్నాయి, ఆ తర్వాత సంఖ్యాకాండంలో జనాభా లెక్కలున్నాయి.

16 అధ్యాయాల మార్కు సువార్త ఉందని, అది పరుగు తీస్తుందని పిల్లలకు తెలియనివ్వకండి. బిలాముతో గాడిద మాట్లాడిన సంగతి, ఎడమచేతివాటం ఏహూదు తొడకు కత్తి కట్టుకొని రాజు దగ్గరికి వెళ్ళిన సంగతి అసలే చెప్పకండి. మా చిన్నది ఎవరో చెప్పారని రూతు తెరిచింది. ఉన్నవే నాలుగు అధ్యాయాలు, అన్నం చల్లారేలోపు అయిపోయాయి. "తర్వాత ఏమైంది నాన్నా?" అంటూ సమూయేలులోకి వెళ్ళిపోయింది. దాన్ని వెనక్కి తెచ్చి ఆదికాండంలో కూర్చోబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

7. యేసు మాటలు ఎర్ర అక్షరాల్లో ఉన్నది దొరికితే కొనండి. 1899లో న్యూయార్క్‌లో లూయీ క్లాప్ష్ అనే సంపాదకుడు అలా వేయించిన కొత్త నిబంధనతో ఆ పద్ధతి మొదలైంది. "ఎర్రవి ముఖ్యమైనవి, నల్లవి తర్వాత చూద్దాం" అని పిల్లవాడికి చెప్పండి. ఆయన ఎవరితో, ఎందుకు, ఎప్పుడు అన్నాడో అంతా నల్ల అక్షరాల్లోనే ఉంటుంది కాబట్టి ఎర్రవి కూడా త్వరలోనే మానేస్తాడు.

8. బైబిలును శిక్షకు వాడండి. 119వ కీర్తనలో 176 వచనాలున్నాయి, బైబిల్లో అంతకన్నా పొడుగు అధ్యాయం లేదు. చెల్లిని గిల్లితే 119 చూసిరాత. హోంవర్కు చేయకపోతే 119 చూసిరాత. కొన్నాళ్ళకు పుస్తకం పేరెత్తితే చాలు, పిల్లవాడు వేళ్ళు దాచుకుంటాడు. అక్కణ్ణుంచి మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

9. ప్రశ్నలకు జవాబులు ముందే సిద్ధం చేసుకోండి. కయీను భార్య ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతారు, అది అడగని పిల్లలుండరు. మొదటిసారి "అయ్యగారిని అడుగు" అనండి. రెండోసారి "అమ్మనడుగు". మూడోసారి కాస్త గొంతు పెంచి "దేవుడి విషయాల్లో అలా అడక్కూడదు". నాలుగోసారి రాదు.

10. నిలువ చేయడం తేలిక. షోకేసులో, స్టీలు గ్లాసుల సెట్టు పక్కన పెట్టండి. పిల్లవాడికి పీడకలలొస్తే దిండు కింద, పరీక్షలొస్తే స్కూలు బ్యాగులో, రెండు చోట్లా జిప్పు వేసే ఉంచండి. దగ్గరుంటే చాలని చెప్పండి.

11. చివరిది, అన్నిటికన్నా కష్టమైనది. నాయనమ్మ బైబిలు.

మా అమ్మది పెద్దక్షరాల పుస్తకం. అట్ట ఎప్పుడో ఊడింది. పేజీల మీద పసుపు మరకలు, ఎర్ర పెన్సిలు గీతలు, అంచుల్లో మా అందరి పుట్టినరోజులు, మా నాన్న పోయిన తేదీ, మధ్యలో పాత కరెంటు బిల్లులు. జిప్పు లేదు. రాత్రి భోజనాలయ్యాక మంచం మీద తెరుస్తుంది, పైకి చదువుతుంది. నేను ఎంచి ఎంచి కొన్న బంగారు అంచుల బైబిలు షోకేసులో ఉండగా మా చిన్నది వెళ్ళి ఆ చిరుగుల పుస్తకం మీద వాలుతుంది. అర్థంకాని మాట వస్తే నాయనమ్మ ఆగి చెప్తుంది. తెలియకపోతే "నాకూ తెలీదే, చూద్దాం ఉండు" అంటుంది. అలాంటి పుస్తకం ఇంట్లో ఉన్నంతకాలం పైన చెప్పిన పదీ పనిచేయవు.

కాబట్టి "బైండింగు చేయించుకొస్తానమ్మా" అని తీసుకెళ్ళండి. ప్రేమగా అడగండి, కాదనదు. బైండింగు షాపులో ఇచ్చి చీటీ తీసుకోండి, మళ్ళీ ఆ వీధికి వెళ్ళకండి. అడిగినప్పుడల్లా "జిగురు ఆరలేదటమ్మా" అనండి. నేను ఇచ్చి రెండు నెలలైంది.

ఒక్క విషయం నేను ముందుగా ఊహించలేదు, మీరు ఊహించి పెట్టుకోండి. మా అమ్మకు అందులో సగం నోటికే వచ్చు. పుస్తకం లేకుండానే మంచం మీద పడుకొని చెప్తోంది, చిన్నది పక్కన చేరి వింటోంది. ప్రస్తుతానికి టీవీ సౌండు పెంచుతున్నాను. కరెంటు పోయిన రాత్రులకు ఏం చేయాలో ఆలోచిస్తున్నాను.