పిల్లికి వేసిన పచ్చి కార్జం

నాటుకోడికి రోగం ఉండదని గట్టిగా నమ్మేదాన్ని. బాయిలర్ కోడిని చూస్తే అనుమానం, పెరట్లో మట్టి గీరే కోడంటే ధీమా. మహారాష్ట్రలోని భివండి పద్మనగర్‌లో సాంచాల (మరమగ్గాల) షెడ్డు పక్కన కాస్త జాగా దొరికితే కోళ్లు పెట్టుకున్నాను. షెడ్డులో ఎలుకలున్నాయని పిల్లుల్ని ఎవరూ తరిమేవాళ్లు కాదు. కోడిని కోసినప్పుడల్లా తల, పేగులు, ఒక్కోసారి కార్జం ముక్క పచ్చిగానే వాటి ముందు వేసేదాన్ని. మూగజీవాల కడుపు నింపుతున్నానని సంతోషం.

నా తెలివితక్కువతనమంతా ఆ పచ్చిముక్కలోనే ఉంది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవిని 1908లో ట్యునిస్‌లో ఒక ఎలుకజాతి జంతువులో గుర్తించారు. అది పిల్లి ద్వారా వ్యాపిస్తుందని తెలియడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. కోడి గుండెలో, మెదడులో, కండలో ఈ జీవి కంటికి కనపడని తిత్తులుగా దాక్కుంటుంది. ఆ మాంసం పచ్చిగా తిన్న పిల్లి, మొదటిసారి సోకినప్పుడు, ఒకటి నుంచి మూడు వారాలు మలంతో లక్షలాది గుడ్లలాంటి కణాలను వదులుతుంది. తడిమట్టిలో అవి ఏడాదికి పైగా బతుకుతాయి. ఆ మట్టిలోనే కోడి గింజ ఏరుకుంటుంది. సోకిన కోడి చాలాసార్లు హుషారుగానే తిరుగుతుంది, గుడ్లు పెడుతుంది. నేను దాన్నే కోసి మళ్లీ పిల్లికి వేశాను.

ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల నుంచి తెచ్చిన 741 కోళ్లపై చేసిన పరిశోధన 2003లో అచ్చయింది. ఈ పరాన్నజీవి వాటిలోనూ దొరికింది. ఈ కణాలతో నేల ఎంత కలుషితమైందో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు పెరటికోళ్లనే పరీక్షిస్తారు. నేను శుద్ధమనుకున్న ఆ మట్టి తిండే వాటికి ముప్పు.

కోడలు నెల తప్పినప్పుడు బలమని నిప్పుల మీద కార్జం కాల్చి పెట్టాను. "లోపల ఇంకా ఎర్రగనే ఉంది అత్తమ్మా" అంది. "ఇంటి కోడేనమ్మా, ఏం కాదు, తిను" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కాళ్లూ చేతులూ చల్లబడతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇది సోకినా చాలామందికి తెలియనే తెలియదు. గర్భంతో ఉండగా మొదటిసారి సోకితే మాత్రం బిడ్డకు చేరి కళ్లను, మెదడును దెబ్బతీయవచ్చు. కోడల్ని చూసిన డాక్టరమ్మ పిల్లుల గురించి, పచ్చిమాంసం గురించి అడిగేదాకా నాకిది తెలియదు. కోడలి రక్తపరీక్షలో ఏమీ లేదని వచ్చింది. నేను బతికిపోయాను.

కోడిమాంసానికి లోపలి దాకా 74 డిగ్రీల వేడి తగిలితే ఆ తిత్తులు చస్తాయి. అందుకే ఎరుపు పోయేదాకా ఉడికిస్తున్నాను. కోసిన కత్తి, పీట, చేతులు సబ్బుతో కడుగుతున్నాను. బోనాలకు మా గల్లీలో ఇంటింటా కోడి తెగుతుంది. పక్కింటి వదినతో ముందే చెప్పాను, పేగులు బయట పారేయొద్దని. "మన ఊళ్ల తాతల నుంచి ఏస్తలేమా?" అంది. వేశాం వదినా, తెలియక వేశాం. పిల్లికి పెట్టాలనిపిస్తే నాలాగా ఉడికించి పెట్టు.