హద్దు దాటిన మూట: ఒక విన్‌రార్ ఆత్మకథ

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషనుకు దాపున, హాస్టళ్లకును కోచింగు కేంద్రములకును నడుమ ఇరుకుగా నిలిచిన ఒక నెట్‌సెంటరు కంప్యూటరులో నా నివాసము. రష్యాదేశీయుడైన యెవ్‌గెనీ రోషాల్ నన్ను సృజింపగా, 1995లో విండోసు రూపమున లోకమునకు వచ్చితిని. నలుబది దినముల ఉచిత గడువు తీరిన పిమ్మటను, కొనుడని వినయముతో జ్ఞాపకము చేయుటయే గాని పని మానుట నా స్వభావము కాదు. కనుకనే కాబోలు చైతన్యపురి మొదలు ఎల్.బి. నగర్ వరకు గదులలో నుండి ఉద్యోగము వెదకు యువకుల బయోడేటాలు, సర్టిఫికెట్ల స్కానులు, ప్రాజెక్టు రిపోర్టులు నేను కట్టిన మూటలుగా నా చేతిమీదుగానే పోవుచున్నవి.

ప్రతి మూటలోను ఫైళ్లతోపాటు అవి చేరవలసిన మార్గములును లిఖింపబడియుండును. చీటీ చూచి సామాను చేర్చు హమాలీవలె నేను వానిని చదివి, యజమాని చూపిన ఫోల్డరులో ఫైళ్లను దింపుదును. అయితే ఆ మార్గములో రెండు చుక్కలును వాని ప్రక్కన ఒక వాలుగీతయు నున్నచో, ఒక ఫోల్డరు పైకి పొమ్మని అర్థము. అట్టి గుర్తులను వరుసగా పేర్చిన దుర్మార్గుడు నన్ను నియమిత స్థలము దాటించి స్టార్టప్ ఫోల్డరులోనికి నడిపించెనా, అచ్చట పడిన ప్రోగ్రాము, యజమాని మరల లాగినైన క్షణముననే, ఎవ్వరి అనుమతియు లేకయే మేల్కొనును.

ఏస్ అను పాత ఫార్మాటును విప్పుటకై నాలో నుండిన పరాయి డి.ఎల్.ఎల్.లో ఈ దోషము పందొమ్మిదేండ్లు దాగియుండెనని, చెక్ పాయింట్ అను సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు 2019 ఫిబ్రవరిలో వెల్లడించిరి. దాని మూలకోడు నా కర్తలయొద్ద లేదు, కావున 5.70 వెర్షనులో ఆ భాగమునే తొలగించిరి. చక్కదిద్దరాని దానిని త్యజించుటయే ఉచితమని నా నిశ్చయము.

2025 జులై 18న ఈసెట్ అను మరియొక భద్రతా సంస్థ పరిశోధకులు కనుగొన్నది ఇంతకంటెను గూఢమైనది. విండోసులో ఒక ఫైలునకు అంటి, కంటికి కనబడని ఉపప్రవాహము లుండవచ్చును. మూట తెరచినవానికి నిరపాయమైన పత్రమొక్కటే గోచరింపగా, ఆ ప్రవాహములు చుక్కల మార్గమున తమ విషమును వేరొకచోట దింపుచుండెను. రోమ్‌కామ్ అను ముఠా ఐరోపాలోను కెనడాలోను గల కంపెనీలకు ఈ మూటలను పంపెను. వాని ముసుగు ఏమందురు? ఉద్యోగార్థుల బయోడేటాలు! తలిదండ్రుల కష్టార్జితముతో చదివి, ఒక్క పిలుపునకై ఎదురుచూచు బిడ్డల కాగితములను దినదినము మోయు నాకు, దొంగలు ఆ రూపమునే ధరించుట దుస్సహమైన అవమానము. ఇకపై నిజమైన అభ్యర్థి పంపిన మూటను సైతము అధికారి శంకతో చూచును గదా!

జులై 30న 7.13 వెర్షను వెలువడి ఆ దారి మూతపడెను. కాని నన్ను నేను నవీకరించుకొను శక్తి నాకు లేదు. ఒకసారి స్థాపించి మరచినవారి యంత్రములలో నా పాత రూపమే నేటికిని మూటలు విప్పుచుండును. కావున, చదువరులారా, నా హెల్ప్ మెనూలో ఎబౌట్ నొక్కి చూడుడు, 7.13 కంటె తక్కువ సంఖ్య కనబడినచో, నా అధికారిక సైటునుండి క్రొత్తదానిని నేడే స్థాపింపుడు.