చెయ్యి తగలని తలుపు

మా రోజుల్లో తలుపు మొరాయిస్తే ఆ సంగతి ముందు చేతికి తెలిసేది. శ్రావణమాసం వానలకి చెక్క ఉబ్బి, భుజం పెట్టి తోస్తే గానీ తలుపు కదిలేది కాదు. వడ్రంగి వచ్చి అంచుకి కాస్త చిత్రిక పట్టి, మడతబందుల్లో రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి పోయేవాడు. కిరాణా కొట్టు షట్టరైనా అంతే. పొద్దున్నే ఎత్తేటప్పుడు బరువనిపిస్తే స్ప్రింగు సడలిందని కొట్టాయన నడుమే చెప్పేసేది.

ఇప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా అబ్బాయి ఇంట్లో చూస్తున్నాను. సింహద్వారం ఉంది, దానికి మామిడాకుల తోరణమూ ఉంది, ప్లాస్టిక్‌దే అనుకోండి. కానీ దాన్ని తీసే నాథుడు లేడు. రాకపోకలన్నీ గరాజ్‌లోంచే. పదహారడుగుల వెడల్పున్న ఆ తలుపు కార్లో కూర్చుని బొత్తాం నొక్కితే లేస్తుంది, నొక్కితే దిగుతుంది. దాని బరువెంతో ఇంట్లో ఎవరికీ తెలీదు.

మొన్న అది సగం దిగి, మళ్ళీ పైకెళ్ళి కూర్చుంది. పైన మోటారు దీపం టపటపా కొట్టుకుంటోంది. మావాడు ఫోన్ తీసి యాప్‌లో వెతకడం మొదలెట్టాడు. నేను వంగి చూశాను. తలుపుకి రెండు పక్కలా, నేలకి ఆరంగుళాల లోపే రెండు సెన్సర్లుంటాయి. ఒకటి పంపిన కిరణం రెండోది అందుకోకపోతే తలుపు మూసుకోదు. ఒకదానికి సాలెగూడు పట్టింది, పైగా చీపురు తగిలి కాబోలు పక్కకి తిరిగి ఉంది. పంచె చెంగుతో తుడిచి, దాని చిన్న దీపం మిణుకు మానేదాకా మెల్లగా తిప్పి, మర బిగించాను. తలుపు బుద్ధిగా దిగింది. "యాప్‌లో ఇది చూపించలేదు నాన్నా" అన్నాడు. చూపిస్తుందట్రా, వంగి చూడాలి గానీ!

ఆ సెన్సర్లని మాత్రం తిట్టను. తలుపుల కింద పడి పిల్లలు చనిపోతుంటే, 1993 నుంచి తయారయ్యే ఇంటి మోటార్లకి ఇలాంటి రక్షణ ఉండి తీరాలని అమెరికాలో చట్టం చేశారు. మా షట్టర్లకి అదెక్కడిది?

నా గొడవల్లా మోటారుతోనే. తలుపు బరువు మోసేది నిజానికి అది కాదు, పైన బిగించిన స్ప్రింగు. మామూలు స్ప్రింగు పదివేల సార్లు తీసి మూసేదాకా పనిచేసేలా చేస్తారు. రోజుకి నాలుగుసార్లు వాడితే ఏడేళ్ళు కూడా రాదు. అది సడలుతుంటే మోటారు మూలుగుతూనే ఈడుస్తుంది, ఎవరికీ తెలియనివ్వదు. చివరికి మోటారూ ఆగిపోతే, దాని బలం పెంచే మర తిప్పుతారు. అప్పుడు తలుపు దేనికి తగిలినా వెనక్కి తగ్గదు. రోగం పోలేదు, ప్రమాదం పెరిగింది.

చూడవలసిన పద్ధతి మా పాతదే. తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు వేలాడే ఎర్ర తాడు లాగితే మోటారు విడిపోతుంది. తెరిచి ఉన్నప్పుడు లాగకండి, స్ప్రింగు తెగి ఉంటే తలుపు మీద పడుతుంది. ఇప్పుడు చేత్తో నడుం ఎత్తుకి లేపి వదలండి. అక్కడే నిలబడితే స్ప్రింగు బాగున్నట్టు. కిందికి జారితే సడలినట్టు, పైకి లాగేస్తే మరీ బిగిసినట్టు. స్ప్రింగుని మాత్రం సొంతంగా ముట్టుకోవద్దు. ఆ బిగువు వదిలితే చెయ్యి విరుగుతుంది, అది తెలిసినవాడి పని.

నెలకోసారి అలా ఎత్తి చూడటానికి రెండు నిమిషాలు చాలు. జిమ్ముకి డబ్బు కట్టి మరీ బరువులెత్తుతున్నారు కదా, ఇంటి తలుపు ఎత్తడానికేం రోగం? అదీ వద్దంటే ఆ తెలిసినవాడికే డాలర్లిచ్చి పిలిపించుకోండి. నన్ను మాత్రం యాప్ దించుకోమనకండి.