పై వరుస ఖాళీగా వదలండి

మీ పార్టీలో సగం మంది కలిసుందామని, సగం మంది విడిపోదామని అంటున్నారా? అయితే ఏదో ఒకటి తేల్చమని అధిష్ఠానం మీద పడకండి. కాచిగూడలో ముప్పై ఏళ్లుగా కరపత్రాలు అచ్చువేస్తున్నవాణ్ని. అన్ని జెండాలవాళ్లూ నా ప్రెస్సు మెట్లెక్కారు. తేల్చిన పార్టీ మునగడం కళ్లారా చూశాను కాబట్టే కొత్తగా పార్టీ పనిలోకి వచ్చే తమ్ముళ్లకు ఈ మాటలు రాస్తున్నాను.

ముందు అచ్చు పని నేర్చుకోండి. 2009 డిసెంబర్ 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. 23న ఇంకో ప్రకటన వచ్చి అది చర్చల్లో పడింది. ఆ రెండు వారాల్లో ఒకే పార్టీవాళ్లు ఇద్దరు నా దగ్గరికొచ్చారు. ఒకాయనది మహబూబ్‌నగర్, ఇంకొకాయనది కర్నూలు. గుర్తు అదే, నాయకుల బొమ్మలూ అవే. అడుగు భాగమంతా ఒకే ప్లేటు మీద కొట్టి, పై వరుస ఖాళీగా వదిలాను. తర్వాత ఆ జాగాలో సగం కాగితాలకు జై తెలంగాణ, సగం కాగితాలకు సమైక్యాంధ్ర వేశాను. కింద ప్రజల ఆకాంక్షను గౌరవిస్తామన్న వాక్యం రెండింటికీ అతికినట్టు సరిపోయింది. మహబూబ్‌నగర్ కట్టకు ఎర్రదారం, కర్నూలు కట్టకు తెల్లదారం కట్టి కాచిగూడ స్టేషన్‌లో రెండింటినీ ఒకే బండికి ఎక్కించాం. బండి తుంగభద్ర దాటకముందే ఎర్రదారం కట్ట దిగిపోవాలి. దారాల రంగు మాత్రం మరిచిపోకండి, అది తప్పితే రెండు ఊళ్లలోనూ పరువు పోతుంది.

నది ఎక్కడుందో తెలిసినవాడే మంచి వక్త. ఏ ఒడ్డున దిగితే ఆ ఒడ్డు మాట మాట్లాడండి. అబద్ధమేమో అని బెంగ వద్దు. మీ పార్టీలో రెండు మాటలూ ఉన్నాయి, మీరు వాటిలో ఒకటి చెబుతున్నారు, అంతే.

తొందర ఎంత చెరుపు చేస్తుందో మన చరిత్రే చెబుతుంది. తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచి, 1961 ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండొంతులమంది ఒప్పుకుంటే ఆంధ్రతో కలపమని ఫజల్ అలీ కమిషన్ 1955లో చెప్పింది. కాంగ్రెస్‌లోనే కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి విలీనం వద్దన్నారు. అయినా ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం, నవంబర్ 1న రాష్ట్రం. ఆ తర్వాత 1969లో జై తెలంగాణ, 1972లో జై ఆంధ్ర. తేల్చకుండా నాన్చి ఉంటే ఆ మంట అంత ఎత్తున లేచేది కాదని నా నమ్మకం.

బయటి దేశాల్లోనూ తెలివైనవాళ్లున్నారు. యూరప్ ఉమ్మడి మార్కెట్‌లో ఉండాలా వద్దా అని బ్రిటన్ లేబర్ పార్టీ రెండుగా చీలబోయినప్పుడు ప్రధాని హెరాల్డ్ విల్సన్ మంత్రులను ఎవరికి తోచిన ప్రచారం వాళ్లను చేసుకోమన్నాడు. కేబినెట్‌లో ఏడుగురు బాహాటంగా వద్దన్నారు. 1975 జూన్ 5న ఓటింగ్ జరిగింది, 67 శాతం మంది ఉండాలన్నారు. ఆ ఏడాది పార్టీ చీలలేదు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని పెద్దలంటారు. పడవలు రెండూ ఒకే తాడుకు కట్టి ఉన్నప్పుడు ఒక్కదాని మీదే నిలబడ్డవాడు ఒరిగిపోతాడని వాళ్లు చెప్పలేదు. తెలుగుదేశం 2008లో తెలంగాణకు ఒప్పుకుంది, తర్వాత రెండు ప్రాంతాలూ రెండు కళ్లంది. జనం తిట్టారు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 102, తెలంగాణలో 15 అసెంబ్లీ సీట్లు ఆ పార్టీకి వచ్చాయి. కాంగ్రెస్ 2013 జూలై 30న విభజనకే తీర్మానం చేసింది. సొంత ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డే రాజీనామా చేసి వెళ్లిపోయారు. 2014లో ఆ పార్టీకి ఆంధ్రలో 175 సీట్లకు సున్నా. ఇచ్చిన తెలంగాణలోనూ 119కి 21.

తమ్ముళ్లూ, రేపు మీ జిల్లా ఆఫీసుకు తీర్మానం కాగితం సంతకానికి వస్తే పై వరుస ఖాళీగా ఉందో లేదో ముందు చూడండి. నిండి ఉంటే వెనక్కి పంపండి.