గచ్చిబౌలిలో ఆకురాలు కాలం

అక్టోబరు వచ్చిందంటే చాలు, గచ్చిబౌలి, కొండాపూర్ ఫ్లాట్లలో ఆకులు రాలడం మొదలవుతుంది. చెట్ల ఆకులు కావు. చెట్లు ఆ నెలలో నాలుగు నెలల వానలు తాగి, పచ్చగా, నిక్షేపంగా ఉంటాయి. రాలేవన్నీ కలర్ ప్రింటర్‌లోంచి. మేపుల్ ఆకొకటి, ఓక్ ఆకొకటి, కత్తిరించడానికి చుట్టూ చుక్కల గీత, కింద ‘ఎన్ని ఆకులు రాలాయో లెక్కపెట్టు’ అని ప్రశ్న. ఏడేళ్ళ పిల్ల బుద్ధిగా లెక్కపెడుతుంది. బాల్కనీలోంచి తొంగిచూస్తే కనిపించే కానుగ చెట్టు మాత్రం ఒక్క ఆకూ రాల్చదు. పాపం, దానికి సిలబస్ అందలేదు.

ఈ ఆకులు ప్రింటు తీసేవాళ్ళంతా పిల్లల్ని బడి మానిపించి ఇంట్లోనే చదివించుకుంటున్న అమ్మానాన్నలు. అందుకు వాళ్ళను తప్పుపట్టను. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పిల్లల్ని రుబ్బే ఊళ్ళో, ‘మా పిల్లను మేమే చదివించుకుంటాం, వేళకి ఓపెన్ స్కూల్ (ఎన్‌ఐఓఎస్) పరీక్ష రాయిస్తాం’ అని నిలబడాలంటే గుండెధైర్యం కావాలి. చూస్తే ముచ్చటేస్తుంది. వాళ్ళ ‘సీజనల్ లెర్నింగ్ ప్లాన్’ చూపించేదాకా ఆ ముచ్చట అలాగే ఉంటుంది కూడా.

ప్లాను ఇదీ. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఫాల్: ఆపిల్ తోట, గుమ్మడికాయ, గింజలు దాచుకునే ఉడుత. డిసెంబరు నుంచి వింటర్: మంచుబొమ్మ, పెంగ్విన్. మార్చి నుంచి స్ప్రింగ్: తులిప్ పువ్వు, కుందేలు. జూన్ నుంచి ఆగస్టు దాకా సమ్మర్: సముద్రపు ఒడ్డు, నిమ్మరసం, ఐస్‌క్రీమ్. హిమాయత్‌సాగర్ గేట్లెత్తి మూసీ పక్కనున్న జనాన్ని ఖాళీ చేయించే రోజుల్లో మన పిల్ల సూర్యుడి బొమ్మకు నల్ల కళ్ళద్దాలు దిద్దుతూ ఉంటుందన్నమాట. నలభై మూడు డిగ్రీల ఎండ మాడ్చేసే మే నెలలోనేమో తులిప్‌లు.

గుమ్మడికాయ సంగతి విడిగా చెప్పుకోవాలి. ఆన్‌లైన్‌లో తెప్పించిన నారింజరంగు ప్లాస్టిక్ గుమ్మడికాయ షెల్ఫు మీద ఉంటుంది. అదే ఫ్లాటు గుమ్మానికి దిష్టి కోసం కట్టిన బూడిద గుమ్మడికాయ వేలాడుతూ ఉంటుంది. దాని ఒంటినిండా ఉన్న తెల్లటి బూడిద ఏమిటి, అది మైనం లాంటి పొర ఎందుకయింది, కోసిన సొరకాయ వారానికే వాడిపోతే ఇది నెలల తరబడి ఎలా నిలుస్తుంది? గుమ్మం దాటకుండానే దొరికే పాఠం. అది ఎవరికీ గుర్తురాదు, ఎందుకంటే దాని పక్కన వర్క్‌షీట్ లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే కింద వీధిలో బతుకమ్మ కోసం తంగేడు, గునుగు, బంతి రాశులు పోసి అమ్ముతుంటారు. తెల్లటి గునుగు కంకుల్ని రంగునీళ్ళలో ముంచి ఆరబెట్టడం పిల్లలు కళ్ళప్పగించి చూసే పని. మన పిల్ల దాన్నీ చూడదు, పైన ఉడుతకు రంగులేస్తోంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే కాలం పోయింది. ఇప్పుడు గుమ్మడికాయను షెల్ఫు మీద పెట్టి, ఫొటో తీసి, ‘హ్యాపీ ఫాల్’ అని రాసి మరీ నలుగురికీ చూపిస్తున్నారు.

జూన్‌లో ఒకరింటికి వెళ్ళినప్పుడు చూసిన ముచ్చట ఇంకా బాగుంటుంది. బల్ల మీద గాజుగ్లాసులో నీళ్ళు. నీళ్ళ మీద గడ్డం గీసుకునే నురగ, అది మబ్బు. డ్రాపర్‌తో నీలిరంగు చుక్కలు వేస్తే నురగలోంచి కిందికి జారాలి, అది వాన. పిల్లాడు చుక్కలు వేస్తున్నాడు, నాన్న ఫోనులో తీస్తున్నాడు. ఇంతలో బయట పెళపెళా ఉరిమి కుండపోత మొదలైంది. వాడు డ్రాపర్ వదిలేసి కిటికీ దగ్గరికి పరిగెత్తాడు.

“అమ్మా, వాన!”

“ఆఁ, తర్వాత చూద్దువుగాని రా కన్నా. ముందు వాన ప్రయోగం పూర్తి చెయ్యి.”

నాన్న లేచి కిటికీ మూశాడు. జల్లు ల్యాప్‌టాప్ మీద పడుతోందట. వాడు తిరిగొచ్చి కూర్చుని నురగలోంచి వాన కురిపించాడు. వీడియో బాగా వచ్చింది.

డిసెంబరులోనూ ఆ నురగే. దానికి వంటసోడా కలిపితే మంచు అవుతుంది. ఈ పాఠ్యప్రణాళిక మొత్తం షేవింగ్ ఫోమ్ మీదే నడుస్తోంది, నాన్నగారి గడ్డం మాత్రం పెరుగుతూ ఉంది. విజయవాడలో మధ్యాహ్నం ముప్పై డిగ్రీలకు అటూఇటుగా ఉంటే, ఫ్యాను కింద కూర్చుని మంచుబొమ్మకు మఫ్లరు చుడతారు. ఆ పక్క పేజీలో ఎలుగుబంటి. అది గుహలో శీతనిద్ర పోతుందని చెప్పి, పిల్లలచేత ‘ష్, ఎలుగు నిద్రపోతోంది’ అని గుసగుసగా అనిపిస్తారు. మన అడవుల్లో ఉండే ఎలుగుబంటి శీతనిద్ర పోదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటకు వెళ్ళేవాళ్ళను అడగండి, అది మెలకువగానే ఉంటుందని ఒట్టేసి చెబుతారు. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన మనవాళ్ళలోనూ కొందరు ఈ అమెరికా పాఠాల ప్యాకెట్లే కొంటారు. అక్కడ డిసెంబరంటే వేసవి. అయినా పిల్లలు దూదితో మంచు అతికిస్తారు.

ఇదంతా గొప్ప విద్యావేత్తల పేరు మీద జరుగుతోంది, అదీ విచిత్రం. ఇంటి చదువుల వాళ్ళు తలకెత్తుకునే షార్లెట్ మేసన్ 1842 నుంచి 1923 దాకా బతికిన ఇంగ్లండు టీచరమ్మ. సరస్సుల సీమలోని ఆంబుల్‌సైడ్‌లో ఉండి, పిల్లల్ని గంటల తరబడి ఆరుబయట తిరగనివ్వాలని, చూసిన పువ్వునీ పిట్టనీ నోటుబుక్కులో దించుకోనివ్వాలని చెప్పింది. అంటే మీ కిటికీ బయట ఏముందో చూడమంది. మనవాళ్ళు బుద్ధిగా ఆవిడ కిటికీ బయట ఏముందో చూస్తున్నారు. స్టైనర్ మొదలుపెట్టిన వాల్డార్ఫ్ బడుల్లో ఋతువుల బల్ల ఒకటుంటుంది, పిల్లలు బయట ఏరుకొచ్చినవి దాని మీద సర్దుతారు. మన ఇళ్ళలో ఆ బల్ల మీదకు సరుకు కొరియర్‌లో వస్తుంది. ప్లాస్టిక్ ఓక్ కాయలు డజను.

దీనికి విరుగుడుగా బయల్దేరిన రెండో పక్షం ఉంది, వాళ్ళనీ వదలకూడదు. వీళ్ళది దేశవాళీ సరుకు: చెక్కపెట్టెలో ఆరు ఋతువులు, సంస్కృతం పేర్లు, ప్లాస్టిక్ లేదు, ధర మాత్రం ఉంది. వసంతం అరలో చెక్క కోయిల, ఈల ఊదితే కూస్తుంది. అసలు కోయిల తెల్లవారుజామున నాలుగింటికే కూసి నిద్ర చెడగొడుతోందని అసోసియేషన్ గ్రూపులో ఫిర్యాదు పెట్టిందీ ఈ ఇంటివాళ్ళే. ఆరు ఋతువుల చక్రంలో శిశిరాన్ని మాఘ ఫాల్గుణాల్లో పెట్టారు కాబట్టి ఆకు రాలడం వరకూ నయం, మన కానుగా వేపా రాల్చేది అప్పుడే. అయితే చక్రంలో వర్ష ఋతువు శ్రావణ భాద్రపదాలు. నెల్లూరువాళ్ళకి అసలు వాన అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనంతో వస్తుంది. ఆ వానకే నేలపట్టు చెరువు నిండుతుంది, ఆ నీటిని చూసుకునే గూడబాతులు గూళ్ళు కడతాయి. నెల్లూరు పిల్లాడు శ్రావణంలో పెట్టె తెరిచి వాన బొమ్మ తీసి, చొక్కాతో చెమట తుడుచుకుని, మళ్ళీ లోపల పెట్టేస్తాడు.

ఇన్ని పెట్టెలు కొనే బదులు ఇంట్లో గోడకున్న పంచాంగం క్యాలెండరు ఒకసారి చూడొచ్చు. అందులో కార్తెలుంటాయి. సూర్యుడు ఒక నక్షత్రంలో ఉన్నన్నాళ్ళు ఒక కార్తె. 365ను 27తో భాగించమనండి, పదమూడున్నర రోజులు వస్తుంది. యూనిట్ స్టడీ అని వీళ్ళు కలవరిస్తారే, అదే ఇది, ఏడాదికి 27 యూనిట్లు, సబ్‌స్క్రిప్షన్ లేదు. మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంటే ఉగాది మార్చికీ ఏప్రిల్‌కీ మధ్య ఎందుకు తిరుగుతుందని పిల్ల అడిగితే, సూర్యుడి లెక్కకూ చంద్రుడి లెక్కకూ తేడా చెప్పాల్సి వస్తుంది. అది చెప్పడానికి అమ్మానాన్నలు కూడా కాస్త చదువుకోవాలి. బహుశా ఇబ్బంది అక్కడే.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. పగులుతాయో లేదో థర్మామీటరు పెట్టి పదమూడు రోజులు రాసుకోమనండి, సామెతకు పరీక్ష పెట్టడం కన్నా మంచి సైన్సు ఏముంది? మృగశిర రోజున రాంనగర్ చేపల మార్కెట్‌కు తీసుకెళ్ళండి, ఇసకవేస్తే రాలదు. చేపలు తినని ఇళ్ళల్లో ఇంగువా బెల్లమూ కలిపి ఉండ చేసి మింగుతారు, ఎందుకో నానమ్మనడగమనండి. రుతుపవనం కార్తె చూసుకుని రాదు, ఒక్కోసారి మృగశిరలో చినుకుండదు. అదీ రాసుకోవాలి. చెట్టు సంగతి అయితే సీజన్‌వాచ్ అని దేశమంతటా నడుస్తున్న పని ఒకటుంది. ఒక చెట్టును ఎంచుకుని వారం వారం దాని ఆకూ పువ్వూ కాయా చూసి నమోదు చేయడమే. డబ్బులక్కర్లేదు. కానుగ ఏ వారంలో రాల్చిందో, ఏ వారంలో చిగురేసిందో రెండేళ్ళు రాసిన పిల్లకు ఒక సంగతి దానంతటదే అర్థమవుతుంది: చలిదేశంలో చెట్టు చలికాలానికి జడిసి ఆకు రాలుస్తుంది, మన చెట్టు నీళ్ళ కరువుకు జడిసి రాలుస్తుంది.

ఇక ఆరుద్ర పురుగు. తొలి వానలకు తడిసిన ఎర్రనేల మీద, గడ్డి మొదళ్ళలో, చిటికెన వేలి గోరంత ఎర్రటి మఖమల్ ముద్ద కదులుతూ కనిపిస్తుంది. వేలితో తాకితే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడుంటుంది, కాసేపటికి మెల్లగా కాళ్ళు చాపుతుంది. లెక్కపెడితే ఎనిమిది కాళ్ళు. అంటే అది పురుగే కాదు, సాలీడుకు చుట్టం. ఏడాదిలో చాలాభాగం మట్టిలోనే ఉండి, ఈ కొద్దిరోజులే బయటికొస్తుంది. ఏ కంపెనీ దాన్ని డబ్బాలో పెట్టి పంపలేదు.

ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో వస్తుంది. గట్టి వాన పడిన మర్నాడు పొద్దున్నే పిల్లల్ని తీసుకుని, అపార్ట్‌మెంట్ టైల్సు దాటి, ఎర్రమట్టి మిగిలున్న చోటికి వెళ్ళండి. పురుగును అరచేతిలోకి తీసుకున్నా కాళ్ళు లెక్కపెట్టి మళ్ళీ అక్కడే వదలమనండి. ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళండి.